మిషన్ వస్తే ముఠా వెళ్ళిపోతుందట

"నాన్న పక్షవాతంతో మంచం పట్టాక గోడౌను బాధ్యత నా మీద పడింది" అంటూ మొదలైన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. గుర్తులు తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె గోడౌనుకి వచ్చే సరుకులో ముప్పాతిక వంతు 50 కిలోల బస్తాలు. అవి పైకప్పు లేని మామూలు లారీల్లో వస్తాయి. మిగతాది అట్టపెట్టెల సరుకు, అది మూసిన కంటైనర్లలో వస్తుంది. గోడౌనుకి రెండు తలుపులున్నాయి. ప్లాట్‌ఫారం లేదు, లోపలి నేలా బయటి నేలా ఒకే మట్టం. పన్నెండు మంది హమాలీల ముఠా ఎగుమతి దిగుమతులు, అంటే లారీలకి సరుకు ఎక్కించడం దించడం, చేస్తుంది, బస్తాకి ఇంత అని కూలి. ముఠా మేస్త్రి ఆమె చిన్నప్పటి నుంచీ ఇంటి మనిషే, ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. సీజన్‌లో లారీలు గేటు బయట బారులు తీరతాయి, ఆగినందుకు వెయిటింగ్ చార్జీలు పడుతున్నాయి. ఆ మధ్య ముఠాలో ఒక కుర్రాడు బస్తాతో లారీకి ఆనించిన చెక్క మీంచి దిగుతూ జారి పడ్డాడు. నడుం దెబ్బతింది. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు.

తమ్ముడు ఒక పెద్ద డిపోలో టెలిస్కోపిక్ కన్వేయర్, అంటే బండి లోపలికి చాచుకుపోయి సరుకుని మోసుకొచ్చే బెల్టు మిషన్, చూసొచ్చాడు. అప్పుచేసైనా అలాంటిది కొందామంటున్నాడు. "ఇరవై నిమిషాల్లో లారీ ఖాళీ, పన్నెండు మంది చోట అయిదుగురు చాలు" అన్నది అమ్మకందారు అతనికి చెప్పిన లెక్క. ఈ కబురు బాబాయ్‌కి ఎవరో లారీ డ్రైవర్ నోటి నుంచి తెలిసింది. "మిషన్ గేట్లోకి వచ్చిన రోజే మేం గేటు బయటికి పోతాం" అన్నాడాయన. అప్పట్నుంచి ఇంటికి రావడం కూడా మానేశాడు. తమ్ముడేమో "అక్కకి మొహమాటం ఎక్కువ, వ్యాపారం తక్కువ" అని నలుగురిలో అంటున్నాడు. నాన్నని అడిగితే "నువ్వే చూసుకో" అంటున్నారు. "తమ్ముడి మాట వింటే ఇన్నేళ్ళు మమ్మల్ని మోసిన మనుషుల్ని వదులుకోవాలి. బాబాయ్ మాట వింటే ఇంకో కుర్రాడు పడేదాకా చూస్తూ కూర్చోవాలి. ఎవరి మాట వినను?" అని ఉత్తరం ముగించింది.

సమాధానం

మీరడిగింది ఇద్దరిలో ఎవరి మాట వినాలని. ఉత్తరం మళ్ళీ చదివితే నాకు కనిపించింది వేరు. మీరందరూ ఒక మిషన్ గురించి పోట్లాడుకుంటున్నారు గానీ, ఆ మిషన్ మీ గోడౌన్‌లో ఏ పని తీసేస్తుందో, ఏ పని మనిషికే వదిలేస్తుందో ఒక్కరూ కూర్చుని చూసినట్టు లేదు. అది తేలితే మీ తమ్ముడి లెక్కా మారుతుంది, బాబాయ్ భయమూ మారుతుంది. అందుకే మనుషుల సంగతికి తర్వాత వస్తాను, ముందు బస్తా సంగతి చూద్దాం.

దిగుమతిలో బస్తాకి మూడు పనులు జరుగుతాయి. లారీ మీద దాన్ని లేపడం, మోసుకుని నడవడం, నెట్టులో, అంటే బస్తాల దొంతరలో, పేర్చడం. కన్వేయర్ తీసేసేది మధ్యలోది, అంటే నడక. చెక్క మీద బరువుతో దిగడం పోతుంది. ఆ కుర్రాడు పడింది అక్కడే కాబట్టి అది చిన్న లాభం కాదు. కానీ ఈ చివర బస్తాని బెల్టు మీదికి వేసేదీ, ఆ చివర తీసి పేర్చేదీ ఇంకా మనిషే. మీ తమ్ముడు డిపోలో చూసిన మిషన్ కూడా ఇంతే. అది కంటైనర్ లోపలికి చాచుకుపోయి నడకని ఇంకా తగ్గిస్తుంది, ఎత్తడాన్ని మాత్రం ముట్టుకోదు.

ఇప్పుడు ఇరవై నిమిషాల లెక్క చూడండి. అమ్మకందారు అబద్ధం చెప్పలేదు, బెల్టు లెక్క చెప్పాడు. బెల్టు నిమిషానికి 20 మీటర్లు కదులుతుందనుకుందాం. బస్తా పొడుగు సుమారు మీటరు. వెనక ఒకటి ముందొకటి ఖాళీ లేకుండా పరిస్తే నిమిషానికి 20 బస్తాలు. 16 టన్నుల లోడంటే 320 బస్తాలు, పదహారు నిమిషాల్లో అయిపోవాలి. లారీ మీద కప్పిన పట్టా విప్పడానికి ఇంకో నాలుగు నిమిషాలు వేసుకోండి, సరిగ్గా ఇరవై!

అదే లెక్కని బెల్టు చివర నిలబడ్డ మనిషి వైపు నుంచి చూడండి. నిమిషానికి 20 బస్తాలంటే వెయ్యి కిలోలు. ఇద్దరు నిలబడితే ఒక్కొక్కరికి నిమిషానికి 500 కిలోలు, అంటే ఆరు సెకన్లకో 50 కిలోల బస్తా. అలా పదహారు నిమిషాలు చేయగల మనిషి ఉంటే ఉండొచ్చు, ఆ వెంటనే రెండో లారీకి మాత్రం నిలబడలేడు. ఒక్కొక్కరు ఇరవై సెకన్లకో బస్తా చొప్పున ఇద్దరు పేరిస్తే నిమిషానికి ఆరు. అప్పుడు మీ లారీకి 53 నిమిషాలు, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కలిపితే గంట పైమాట. ఇప్పుడు మీకెంత పడుతోందో మీరు రాయలేదు. దాన్ని గడియారం పెట్టి చూడాలి. లారీ గేట్లోకి వచ్చిన టైము, పట్టా విప్పడం మొదలైన టైము, మొదటి బస్తా, చివరి బస్తా, కాగితాలు చేతికిచ్చి లారీ బయటికి వెళ్ళిన టైము, ఈ అయిదూ ఒక పుస్తకంలో రాయించండి. చాలా గోడౌన్లలో లారీ ఆలస్యంలో పెద్ద భాగం బస్తాలు దిగడంలో ఉండదు. కాటా దగ్గర, లెక్క తేలని చోట, సరుకు ఎక్కడ పేర్చాలో చెప్పే మనిషి లేనప్పుడు పోతుంది. మీ దగ్గరా అదే అయితే ఎంత పొడుగు కన్వేయర్ కొన్నా గేటు బయట బారు కదలదు. ఈ పుస్తకం రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ కోపం రాదు. రేపే మొదలుపెట్టండి.

బరువు గురించి కూడా ఒక మాట. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసు ప్రకారం పెద్ద మగవాడు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు మించకూడదు. ఆ లెక్కన మీ బస్తా ఇవతలే ఉంది. కానీ వృత్తి ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం 23 కిలోల దగ్గర మొదలవుతుంది. అదీ బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, పక్కకి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే. నేల మీంచి వంగి లేపినా, చేతులు చాచినా, పక్కకి మెలితిరిగినా, ఎక్కువసార్లు ఎత్తినా ఆ 23 ఇంకా కిందికి పోతుంది. మీ నెట్టు దగ్గర ఈ నాలుగూ ఒకేసారి జరుగుతాయి. అందుకే నేను మీ తమ్ముడితో ఒక విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పుడున్నట్టు నడిపించడం కుదరదు. మిషన్ తెస్తే సరిపోతుందన్న చోట మాత్రం అతనితో విడిపోతాను.

అతను చూసిన టెలిస్కోపిక్ రకం నిజంగా గొప్ప యంత్రం. ఒకదాంట్లో ఒకటి దూరి ఉండే బెల్టు అరలు మూసిన కంటైనర్ లోపలికి చాచుకుంటూ పోతాయి, సరుకు తగ్గే కొద్దీ ఇంకా లోపలికి వెళ్తాయి. కంటైనర్‌కి వెనక తలుపు ఒక్కటే కాబట్టి అక్కడ ఆ చాపే చెయ్యి కావాలి. రోజంతా ఒకే తలుపు దగ్గరికి కంటైనర్ వెనక కంటైనర్ వస్తూ పెట్టెలు దిగే డిపోలో దాని ఖర్చు దానికి వచ్చేస్తుంది. మీ సరుకులో కంటైనర్లది పావు వంతు. మీకు ప్లాట్‌ఫారం లేదు. ఆ యంత్రం చాలావరకు ఒక తలుపు దగ్గర నేలకి బిగించి ఉంటుంది, రెండో తలుపుకి సాయపడదు. బస్తాల లారీకి పక్క డోర్లు విప్పితే సరుకు చేతికే అందుతుంది, లోపలికి చాపాల్సిన పనే ఉండదు. ఇలాంటి మిషన్ల వీడియోలు దొరికితే బెల్టు మీద పరుగెత్తే పెట్టెల్ని కొంచెం పరీక్షగా చూడండి, అందులో ఒక్క బస్తా అయినా ఉందేమో.

పెట్టెల సరుకుకి తేలికైన ఉపాయం రోలర్ కన్వేయర్. అకార్డియన్‌లా సాగదీసి, పని అయ్యాక మడిచి మూలకి నెట్టేసే రకం ఉంటుంది. మోటారు లేకుండా కొద్దిపాటి వాలుతో పెట్టె తనంతట తనే జారుతుంది. కొలత ఒక్కటే గుర్తుపెట్టుకోండి: మీ దగ్గరున్న అన్నిటికంటే చిన్న పెట్టె కింద ఎప్పుడూ కనీసం మూడు రోలర్లు ఉండాలి, లేకపోతే ముందు అంచు రెండు రోలర్ల మధ్య దిగబడుతుంది. వాలు ఎక్కువ పెడితే బరువైన పెట్టె పరుగందుకుని చివరనున్న వాడి వేళ్ళ మీదికి వస్తుంది. బస్తాని మాత్రం రోలర్ల మీద వేయకండి. అడుగు మెత్తగా రోలర్ల సందుల్లోకి దిగి అక్కడే కూర్చుంటుంది, జనం దాన్ని తోస్తూ ఉంటారు. తోయడం కూడా నడుం పనే.

బస్తాలకి బెల్టే కావాలి. మీ పరిస్థితికి నా కంటికి ఆనేది చక్రాల మీద కదిలే ఏటవాలు బెల్టు కన్వేయర్. దాని ఒక చివరని హైడ్రాలిక్ పంపుతోనో, చేత్తో తిప్పే వించ్‌తోనో పైకీ కిందికీ లేపొచ్చు. పొద్దున ఒక తలుపు దగ్గర, మధ్యాహ్నం రెండో తలుపు దగ్గర పెట్టొచ్చు. దిగుమతికీ, ఎగుమతికీ, లోపల నెట్టు పైకి బస్తాలు పంపడానికీ అదే పనికొస్తుంది. కానీ కొనేముందు లోపల స్థలం కొలవండి. నెట్టు 3 మీటర్ల ఎత్తుకి వెళ్తుందనుకుంటే, 20 డిగ్రీల వాలుతో దాదాపు 9 మీటర్ల బెల్టు కావాలి. వాలు 25 డిగ్రీలకి పెంచితే సుమారు 7 మీటర్లు చాలు. పొట్టిది చవగ్గా వస్తుంది కదా అని వాలు ఇంకా పెంచితే బస్తాలు వెనక్కి జారడం మొదలవుతుంది. గోనె సంచి బెల్టుని పట్టుకుని ఉంటుంది, ప్లాస్టిక్ అల్లిక సంచి నున్నగా జారుతుంది, అందులోనూ వానకి తడిస్తే చెప్పనే అక్కర్లేదు. మీవి ఏ సంచులో చూసుకుని నున్నటి బెల్టా, గరుకు బెల్టా, అడ్డ పట్టీలున్న బెల్టా తేల్చండి. మీ నెట్ల మధ్య దారి 9 మీటర్ల మిషన్ మలుపు తిరిగేంత వెడల్పు లేకపోతే మిషన్ వచ్చాక దారి కోసం నెట్లు విప్పాల్సి వస్తుంది.

లేపుకునే ఏర్పాటు నడుం కోసం కూడా కావాలి. బెల్టు చివర ఎప్పుడూ ఆ సమయంలో పేరుస్తున్న వరసకి కొంచెం పైన ఉండాలి. అప్పుడు మనిషి బస్తాని ఎత్తడు, దాని బరువుతోనే దాన్ని లాగి మళ్ళించి వదులుతాడు. వరస పెరిగే కొద్దీ చివరని లేపుతూ పోవాలి. దీన్ని బద్ధకించి బెల్టుని ఒకే ఎత్తులో వదిలేస్తే మొదటి వరసలకి బస్తా పైనుంచి దబ్బున పడి పగులుతుంది, పై వరసలకి మనిషి కింద నుంచి భుజం దాకా లేపాలి. అలాంటి చోట మిషన్ వచ్చాక నడుం నొప్పులు తగ్గకపోగా పెరుగుతాయి. ముందు నడిచేటప్పుడు ఖాళీ చేతులతో తిరిగొచ్చే ఆ కొన్ని అడుగులే ఒంటికి విశ్రాంతి. ఇప్పుడు బెల్టు ఆ అడుగులు కూడా లాగేసుకుని ఆగకుండా బస్తా పంపుతూ ఉంటుంది. బెల్టు వేగం ఎవరి చేతిలో ఉందన్నది అందుకే పెద్ద ప్రశ్న. ఆఫీసు గదిలోంచి కాకుండా, బస్తాలు అందుకునే మనిషి చెప్పినట్టు ఆగే స్విచ్ కావాలి. అరగంటకోసారి చోట్లు మార్చుకోవాలి.

ఇప్పుడు తమ్ముడి అయిదుగురి లెక్క. లారీ మీద బెల్టుకి బస్తాలు వేసేవాళ్ళు ఇద్దరు. నెట్టు దగ్గర అందుకునేవాళ్ళు ఇద్దరు, వాళ్ళతో వరస సర్దే ఇంకొకరు. స్విచ్ దగ్గర చూసుకునే మనిషి ఒకరు. చోట్లు మార్చుకోవడానికి ఒకరిద్దరు. ఏడెనిమిది మంది తేలారు. రెండో తలుపు దగ్గర ఇంకో లారీ నిలబడితే, అక్కడ మిషన్ లేదు కాబట్టి, మిగిలిన నలుగురైదుగురు దాని మీద ఉండాలి. సీజన్‌లో మీకు ఆ పన్నెండు మందీ కావాలి! సీజన్ కాని రోజుల్లో పని నిజంగానే తగ్గుతుంది, దాన్ని దాచకండి. కానీ "ఏడుగురిని తీసేద్దాం" అన్న ఒక్క మాట మీద అప్పు కిస్తీ కట్టే లెక్క వేసుకుంటే సీజన్ మధ్యలో మనుషుల కోసం పరిగెత్తేది మీ తమ్ముడే. కాగితం మీద ఈ చోట్లు గీసి అతని ముందు పెట్టండి. వ్యాపారం తెలియదన్నవాడికి కూడికలతోనే జవాబివ్వాలి.

బాబాయ్ సంగతి. ఆయన కోపంలో రెండు ముడులున్నాయని నా అనుమానం. ఒకటి కూడు పోతుందన్న భయం, అది పైకి చెప్పేది. రెండోది ఆయన పైకి చెప్పనిది. ఎవర్ని ఏ లారీ మీద పెట్టాలో, ఏ బస్తా ఎక్కడ వేయాలో, కూలి ఎలా పంచాలో ఇన్నాళ్ళూ చెప్పింది ఆయన. మిషన్ వస్తే ఆ మాట స్విచ్ పట్టుకున్న వాడిదవుతుంది. పైగా ఆ కబురు మీ నోటి నుంచి కాక డ్రైవర్ నోటి నుంచి విన్నాడు. అలాంటప్పుడు ఏ పెద్దమనిషైనా గేటు బయటికి పోతాననే అంటాడు. మీరు ఆయన ఇంటికి వెళ్ళండి, మీరొక్కరే. కొంటున్నామనో, కొనడం లేదనో చెప్పడానికి కాదు. మీ లారీల పుస్తకం, మీ చోట్ల బొమ్మ తీసుకెళ్ళి "ఏ తలుపు దగ్గర ఏ పని మిషన్‌కి ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు, నువ్వు చెప్పు బాబాయ్" అని అడగండి. బస్తా ఎక్కడ జారుతుందో, ఏ లారీ మట్టం ఎంతో, సరుకు దిగే కొద్దీ లారీ స్ప్రింగులు పైకి లేచి మట్టం ఎంత మారుతుందో ఆయనకి తెలిసినంత ఏ అమ్మకందారుకీ తెలియదు. ఆయన అప్పటికీ వద్దంటే, ఎందుకు వద్దో ఆ మాట పూర్తిగా విని రండి. అందులో కొన్ని కారణాలు నిజంగానే మీ కొనుగోలుని ఆపేవి కావొచ్చు.

కూలి మాట ముందే తేల్చకపోతే మిగతాదంతా వృథా. మీ ముందు మూడు దారులున్నాయి, మూడిటికీ వెనక వచ్చే ఫలితాలున్నాయి. బస్తా రేటు ఉన్నదున్నట్టు ఉంచితే ముఠా అదే కూలి తక్కువ టైములో సంపాదిస్తుంది, మిషన్ మీద వాళ్ళకి ఆశ పుడుతుంది. మీకు లాభం వెయిటింగ్ చార్జీల్లో, ఎక్కువ లారీల్లో రావాలి. అవి రాకపోతే కిస్తీ మీ జేబులోంచి పోతుంది. రేటు తగ్గిస్తే మీ లెక్క కాగితం మీద బాగుంటుంది. కానీ అదే సంపాదనకి ఎక్కువ బస్తాలు వేయాలి కాబట్టి వాళ్ళు బెల్టుని గరిష్ఠ వేగంలో నడుపుతారు, బెల్టులో చేతులు పడకుండా పెట్టిన జాలీలు అడ్డొస్తున్నాయని విప్పేస్తారు. దెబ్బలు అక్కడ మొదలవుతాయి. రోజు కూలి పెడితే ఒళ్ళు నిదానిస్తుంది, చోట్లు మార్చుకోవడం కుదురుతుంది. కానీ పని కూడా నిదానిస్తుంది, లారీ బారు గురించి మీరే పట్టించుకోవాలి. నేనైతే ఒక సీజన్ పాటు పాత రేటు ఉంచి, ఆ పుస్తకంలో వచ్చిన టైముల్ని ముఠాకీ చూపించి, సీజన్ అయ్యాక ఇద్దరూ కూర్చుని కొత్త రేటు రాసుకోవడం వైపు మొగ్గుతాను. ఇందులో మీకు నష్టం వచ్చే అవకాశం ఉంది, తెలిసే మొగ్గుతున్నాను. నష్టం ఎంతవరకు భరించగలరో మీరు ముందే ఒక హద్దు గీసుకోండి.

మనుషుల్ని తగ్గించక తప్పదనుకుంటే, మానేసిన వాళ్ళ చోట కొత్తవాళ్ళని తీసుకోకపోవడం ఒక పద్ధతి. అది నెమ్మది. కిస్తీ నెమ్మదిగా రాదు, నెలనెలా వస్తుంది. అందుకే అప్పు పరిమాణాన్ని కూడా ఈ నెమ్మదికి తగ్గట్టు పెట్టుకోవాలి. ఒక్కసారే పంపించేస్తే డబ్బు మిగిలినా, మీ సరుకు ఏ నెట్టులో ఏముందో తెలిసిన మనుషులు వాళ్ళతోపాటే వెళ్ళిపోతారు.

ఆ కుర్రాడి విషయాన్ని ఈ బేరంలోకి తేకండి. అతనికి చట్టప్రకారం రావాల్సిన పరిహారం మిషన్ వచ్చినా రాకపోయినా రావాలి, ఆ కాగితాలు ఇప్పుడే కదిలించండి. మిషన్ వస్తే స్విచ్ దగ్గర కూర్చోబెట్టొచ్చు అన్న ఆలోచన మంచిదే, డాక్టరు ఒప్పుకుంటే. కానీ "నీకోసమే మిషన్ తెస్తున్నాం" అని మాత్రం అతనితో అనకండి, ముఠాలో ఆ కుర్రాడు తలెత్తుకోలేడు.

మిషన్ కొన్నా, అద్దెకి తెచ్చినా, భద్రత విషయంలో కొన్నిటికి మీరే పట్టుబట్టాలి, ఎందుకంటే తొందరలో ఉన్న తమ్ముడూ, అలవాటు లేని ముఠా వీటిని వదిలేస్తారు. బెల్టు చివర గుండ్రంగా తిరిగే పుల్లీ ఉంటుంది. బెల్టు దాన్ని తాకే చోట సన్నని సందు, లోపలికి లాగే నోరు అది. సంచి కుట్టు దారం అక్కడ చుట్టుకుంటుంది. దాన్ని లాగేయడానికి ఎవరో చెయ్యి పెడతారు, చేతికి తువ్వాలు చుట్టి ఉంటే అదే ముందు లోపలికి పోతుంది. బెల్టుని రెండు దిశల్లోనూ నడిపితే ఆ నోరు కూడా చోటు మారుతుంది, కాబట్టి రెండు చివరలా, పైనా కిందా జాలీ ఉండాలి. శుభ్రం చేయాలంటే మెయిన్ ఆపి, తాళం వేసి, ఆ తాళంచెవి శుభ్రం చేసేవాడి జేబులోనే ఉండాలి. బెల్టు పొడుగునా రెండు పక్కలా లాగితే ఆగే తాడు ఉండాలి. తాడు వదిలినంత మాత్రాన బెల్టు మళ్ళీ తిరగకూడదు, ఎవరైనా వెళ్ళి చూసి రీసెట్ చేశాకే కదలాలి. కరెంటు పోయినప్పుడు ఏటవాలు మీదున్న బస్తాలు బెల్టుని వెనక్కి తిప్పకుండా పట్టే బ్రేక్ ఉందా అని అడగండి, అడిగి ఊరుకోకుండా నిండు బెల్టు మీద మెయిన్ ఆపించి చూడండి.

లారీ వైపు నుంచి వచ్చే ప్రమాదాన్ని చాలామంది మరిచిపోతారు. పని అయిపోయిందనుకుని డ్రైవర్ బండి కదిలిస్తాడు, లారీ మీద ఇంకా మనిషి ఉంటాడు. చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టాలి, బండి తాళంచెవులు స్విచ్ దగ్గరున్న మనిషి చేతిలో ఉండాలి. కన్వేయర్‌ని ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకి తోసేటప్పుడు పైకి లేపిన చివరని తప్పకుండా దించాలి. ఆవరణలో కరెంటు తీగలుంటే లేపిన ఇనుప చెయ్యి వాటిని తగలడానికి ఒక్క తోపు చాలు, తోస్తున్న నలుగురూ ఇనుముని పట్టుకునే ఉంటారు. ఆ తీగలు ఎక్కడున్నాయో మిషన్ రాకముందే చూడండి. లారీలు తిరిగే దారికి అడ్డంగా కేబుల్ వేయకండి.

ఇవన్నీ చూశాక మీకు నాలుగు దారులు మిగులుతాయి. ఇప్పటికి ఏమీ కొనకుండా కాటా దగ్గర, లెక్క దగ్గర పోయే టైముని సరిచేసి, చెక్క బదులు జారని పట్టీలూ పక్క కమ్మీలూ ఉన్న దిటవైన ర్యాంపు చేయించి, 25 కిలోల సంచులు పంపగలరా అని సరుకు పంపేవాళ్ళని అడగడం ఒకటి. ఖర్చు తక్కువ, కానీ పెద్ద సీజన్‌కి ఇది చాలకపోవచ్చు, తమ్ముడు అసలు ఊరుకోడు. పెట్టెలకి మాత్రం రోలర్లు తెచ్చి, బస్తాలని ఎప్పటిలా ఉంచడం రెండోది. పావు వంతు పని తేలికవుతుంది, ముఠాకి మిషన్ అలవాటవుతుంది, అసలు సమస్య అలాగే ఉంటుంది. ఒక తలుపుకి కదిలే ఏటవాలు బెల్టుని ఒక సీజన్ అద్దెకి తేవడం మూడోది. అద్దె డబ్బు తిరిగి రాదు, కానీ అందరికీ కళ్ళారా కనిపిస్తుంది. పనికిరాకపోతే ఎవరి పరువూ పోకుండా వెనక్కి పంపొచ్చు. తమ్ముడు చెప్పిన టెలిస్కోపిక్ నాలుగోది. మున్ముందు మీ సరుకు కంటైనర్ల వైపు మళ్ళుతుందని అతని దగ్గర గట్టి ఆధారం, అంటే రాతపూర్వకమైన ఆర్డర్లు ఉంటే దాన్ని కొట్టిపారేయకండి. అప్పుడు ముందు ప్లాట్‌ఫారం లెక్క వేయమనండి, దాని ఖర్చు అమ్మకందారు కొటేషన్‌లో ఉండదు.

నన్ను ఒక్కటి ఎంచమంటే మూడోది ఎంచుతాను. కానీ మీ లారీల పుస్తకంలో ఆలస్యమంతా కాటా దగ్గరే తేలితే మొదటిదానికి మారిపోతాను.

అద్దెకైనా కొనుగోలుకైనా ఒప్పందం రాసుకునే రోజు అమ్మకందారుతో ఒక షరతు పెట్టించండి: ప్రదర్శన మీ గోడౌన్‌లో, మీ లారీ మీద, మీ 50 కిలోల బస్తాలతో, మీ ముఠాయే చేయాలి. కనీసం రెండు లారీలు వరసగా. టైము రాసేది బాబాయ్, పక్కన తమ్ముడు. డబ్బులో కొంత భాగం ఆ పరీక్ష నెగ్గాకే ఇస్తామని కాగితంలో ఉండాలి. దానికి ఒప్పుకోని అమ్మకందారుని వదిలేసి ఇంకొకర్ని వెతకండి. ఇదంతా సీజన్ మొదలవకముందే జరగాలి, లారీలు బారులు తీరిన రోజున కొత్త మిషన్ మీద చెయ్యి తిరగదు.